మాణిక్యాంబ మీద జాలి

తెనాలి,
6 జూలై 2025

ఝాన్సీకి,

అన్నయ్య దీవించి రాసేది. మొన్న ఫోను ముందు నువ్వు పెట్టేశావా, నేను పెట్టేశానా అన్నది మీ వదినకీ నాకూ ఇంకా తేలలేదు. అందుకే ఉత్తరం. ఇందులో అయితే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. ముప్పై ఏడేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని, రిటైరయ్యాక ఒక్క వాక్యం చివరిదాకా చెప్పనిచ్చిన వాళ్లు లేరు.

కావేరి బాపట్ల నుంచి వచ్చి పది రోజులైంది. తింటోంది, పడుకుంటోంది, అడిగినదానికి తల ఊపుతోంది. కారణం నిన్ననే మీ వదిన రాబట్టింది. చేబ్రోలులో ట్రస్టు వాళ్ల హైస్కూల్లో లెక్కల టీచరు పోస్టుకి అప్లికేషన్ పెట్టుకుందట. జూన్‌లో ఇంటర్వ్యూలు అయిపోయాయట. దీనికి పిలుపే రాలేదు. బి.ఇడి.లో మంచి మార్కులొచ్చిన పిల్ల, మనసు కష్టపెట్టుకుంది. మీవాడేమో "రాకపోతే ఏమైంది, ఇంట్లో తిండికి లోటా?" అన్నాడట. ఆ మాట మీద బట్టలు సర్దుకుని వచ్చేసింది. మళ్లీ బాపట్ల ఎప్పుడు వెళ్తావమ్మా అంటే లేచి పెరట్లోకి పోతోంది. జశ్వంత్‌ని గట్టిగా అడుగుదామంటే అల్లుడే కాదు, మేనల్లుడు కూడా. వాణ్ణి ఏమన్నా నిన్ను అన్నట్టే. మేనరికంలో ఉన్న సుఖం ఇదే, ఎవరిని తిట్టాలన్నా మనవాళ్లే దొరుకుతారు.

ఇక మన తగువు సంగతి. ‘ఏడు గదుల ఇల్లు’ సీరియల్ ఇప్పుడు మా ఇంట్లో కూడా చూస్తున్నాం. ఆ అత్తగారు మాణిక్యాంబ పెద్దకోడలు వండిన పులుసులో ఉప్పు గుమ్మరిస్తుంది. చిన్నకోడలి మీద చాడీలు చెబుతుంది. సొంత మరిదిని ఇంట్లోంచి గెంటించింది. ఆవిణ్ణి పట్టుకుని నువ్వు "పాపం మాణిక్యాంబ" అన్నావు. ఆ "పాపం" దగ్గరే మనకి చెడింది. అలాంటి మనిషి మీద జాలి ఏంటి? కారణం రాయి. పాయింట్లవారీగా రాస్తే మరీ మంచిది.

బావని టీవీ ముందు కుర్చీలో నిద్రపోవద్దను. మెడ పట్టేస్తుంది.

బసవేశ్వరరావు


రేపల్లె,
10 జూలై 2025

అన్నయ్యకి,

నమస్కారం. ఫోను ముందు పెట్టేసింది నువ్వే. అయినా ఫోనులో నీ గొంతు నాకు సగమే వినిపిస్తుంది. ఆ సగం కూడా సలహాలే.

పాయింట్లు కావాలన్నావు. నువ్వు రిటైరయ్యావని నీకు ఎవరైనా చెప్పాలి.

ఆ ఇంట్లో పన్నెండుమంది ఉన్నారు. పొద్దున్నే లేచి పాలవాడితో మాట్లాడేది, పనివాళ్లని పిలిచేది, పేరంటానికి ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో చూసేది మాణిక్యాంబ ఒక్కతే. మిగతా పదకొండుమంది పట్టుబట్టలు కట్టుకుని మెట్లమీద నిలబడి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. మంచివాళ్లకి ఇంకో పని ఉండదు. పెద్దకోడలు ఆరు నెలలుగా ఏడుస్తోంది. ఒక్క గిన్నె కడిగిందా? ఇల్లు నడుపుతూ వారానికి మూడు కుట్రలు చేయటం అంటే తేలికనుకుంటున్నావా? నన్ను చెయ్యమంటే ఒకటి కూడా సరిగ్గా చెయ్యలేను.

ఇంకోటి. మంచివాళ్లని ఎప్పుడూ నలుగురిలోనే చూపిస్తారు. మాణిక్యాంబని ఒంటరిగా కూడా చూపిస్తారు. గది తలుపు వేసుకుని, నగలు తీసి పెట్టి, మంచం మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటుంది. తను చేసిన పని తనే తలుచుకుంటుంది. ఆ నిమిషం ఆవిడ ఎవరికీ అత్తగారు కాదు. కోడళ్లు ఆ గదిలోకి రారు కాబట్టి వాళ్లకి తెలియదు. నేను చూశాను. చూశాక మళ్లీ మామూలుగా తిట్టటం నా వల్ల కాదు. మీ బావ కూడా "పాపం" అన్నారు. నిద్రలో అన్నారనుకో.

కావేరి ఇంకేమైనా చెప్పిందా? ఊరికే అడుగుతున్నాను. ఆ ఇంటర్వ్యూ సంగతి నువ్వేం తవ్వకు. పిలవలేదంటే పిలవలేదు. పెద్ద పెద్ద స్కూళ్లు, వాళ్లకి వాళ్ల లెక్కలుంటాయి. కాస్త కుదుటపడ్డాక బాపట్ల పంపించు.

ఝాన్సీ


తెనాలి,
15 జూలై 2025

ఝాన్సీకి,

దీవెనలు. నీ పాయింట్లు అందాయి. గిన్నెలు కడగని వాళ్లంతా చెడ్డవాళ్లయితే ముందు బావని గెంటాలి.

సరే, ఇప్పుడేమంటావ్? నీ మాణిక్యాంబ చేసిన ఘనకార్యం తెలుసుగా? చిన్నకోడలికి ఉద్యోగానికి రమ్మని కవరు వచ్చింది. ఎవరి చేతికి వచ్చింది? అత్తగారి చేతికి. సంతకం పెట్టి తీసుకుంది. విప్పింది. చదివింది. చదివి, అటూ ఇటూ చూసి, పట్టుకెళ్లి బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టింది. ఆ పిల్ల మాత్రం పోస్టుమాన్ వస్తాడని గేటు దగ్గర ఎదురుచూస్తోంది. ఈవిడ పక్కనే నిలబడి "ఏమ్మా, ఇంకా ఏమీ రాలేదా?" అని నోరారా అడిగింది కూడా!

కావేరి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మీ వదిన టీవీ కట్టేసింది. నేను మాత్రం నిన్నే తలుచుకున్నాను.

ఉప్పు గుమ్మరించటం వేరు. పులుసు పారబోసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక ఆడపిల్ల చదువుకుని, పరీక్షలు రాసి, ఒక్క కవరు కోసం ఎదురుచూస్తుంటే దాన్ని దాచటం ఏంటి? అది దొంగతనం కన్నా ఎక్కువ. దొంగ తీసుకెళ్లింది ఇంకెక్కడైనా మళ్లీ కొనుక్కోవచ్చు. ఇలాంటి ఆడవాళ్లు ఏం తిని బతుకుతారు? ఏ మొహం పెట్టుకుని ఆ కోడలి చేతి కాఫీ తాగుతారు? ఈ ప్రశ్నలకి కూడా జవాబు రాయి. ఈసారి పాయింట్లు అక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు.

బసవేశ్వరరావు


రేపల్లె,
18 జూలై 2025

అన్నయ్యకి,

ఒక్క వాక్యం చాలన్నావుగా. అవును, నేనే దాచాను.

ఇంత డొంకతిరుగుడు దేనికి? మా సెట్ టాప్ బాక్సు పదకొండో తారీఖున పిడుగుకి కాలిపోయింది. కేబుల్ గిరీష్ "రేపు తెస్తానండి పిన్నిగారూ" అంటూనే ఉన్నాడు. ఆ సంగతి మీ బావ వదినకి ఫోనులో చెప్పారు. నేను సీరియల్ చూడటం లేదని తెలిసి, నువ్వొక కథ అల్లి, మాణిక్యాంబ పేరు అడ్డం పెట్టుకుని నన్ను తిట్టావు. హెడ్మాస్టరు చేసిన మనిషివి, తిట్టేదేదో నేరుగా తిట్టలేవా? అల్లటమైనా సరిగ్గా అల్లావా? బియ్యం డ్రమ్ములో కాదు. బీరువాలో, పట్టుచీరల కింద పరిచిన పేపరు అడుగున. బియ్యం డ్రమ్ములో కాగితాలు పెట్టే తెలివితక్కువదాన్ని కాదు. పురుగు కొట్టదూ?

కావేరి ఎలా కనిపెట్టిందో నాకు తెలియదు. పోస్టాఫీసుకి వెళ్లి అడిగి ఉంటుంది. అసలే లెక్కల పిల్ల. ఆ స్కూలు వాళ్లకి ఫోన్ల మీద నమ్మకం లేదు, పిలుపు స్పీడ్ పోస్టులోనే పంపుతారు. దాని కాగితాలన్నిటి మీదా మా రేపల్లె అడ్రసే ఉంది కాబట్టి జూన్ తొమ్మిదిన మా ఇంటికి వచ్చింది. పదహారున ఇంటర్వ్యూ. సంతకం పెట్టింది నేనే.

ఎందుకంటే, అది చేబ్రోలులో చేరితే వారమంతా తెనాలిలో మీ ఇంట్లోనే ఉంటుంది. జశ్వంత్ పొద్దస్తమానం రొయ్యల చెరువుల చుట్టూ మేత అమ్ముకుంటూ తిరిగి వస్తాడు. ఇంటికొస్తే వాడికి అన్నం పెట్టేదెవరు? తల్లిని, చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇప్పుడు నువ్వూ వదినా కూర్చుని ఎన్ని పేర్లు పెట్టుకుంటారో పెట్టుకోండి.

ఝాన్సీ


తెనాలి,
21 జూలై 2025

వియ్యపురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

నేను రాసింది సీరియల్ గురించి. మాణిక్యాంబ నిజంగానే కవరు దాచింది. నిజంగానే బియ్యం డ్రమ్ములోనే దాచింది. నమ్మకపోతే గిరీష్ బాక్సు తెచ్చాక ఆదివారం మళ్లీ వేస్తారు, చూసుకోండి. మీ పెట్టె కాలిపోయిన సంగతి మీ వదిన నాకు చెప్పలేదు. కావేరి పోస్టాఫీసుకి వెళ్లలేదు. ఏమీ కనిపెట్టలేదు. తనని పిలవలేదనే ఇప్పటికీ అనుకుంటోంది. మీరు దాచారన్న సంగతి మీరు రాసేదాకా ఈ భూమ్మీద మీకు తప్ప ఎవరికీ తెలియదు.

నా కూతుర్ని పరాయింటికి ఇస్తే ఎలా చూస్తారోనని, కళ్లముందు ఉంటుందని మీ ఇంటికి ఇచ్చాను. మేనత్త కదా, కడుపులో పెట్టుకుని చూస్తుందని నలుగురికీ గొప్పగా చెప్పాను. బాగా పెట్టుకున్నారు, పట్టుచీరల కింద.

ఈ సంగతి కావేరికి చెబితే ఇక బాపట్ల గడప తొక్కదు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రస్తుతానికి మీ ఉత్తరం నా పాత సర్వీసు కాగితాల ఫైల్లో పెట్టాను. ఏం చెయ్యాలో ఆలోచించి రాస్తాను. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఇలాంటి బుద్ధి మన ఇంటా వంటా లేదు. మీకు ఎక్కడి నుంచి వచ్చిందో!

ఇట్లు,
బసవేశ్వరరావు


రేపల్లె,
25 జూలై 2025

అన్నయ్యకి,

"మీరు" అన్నావు. బాగుంది. అరవై ఒకటో ఏట గౌరవం దక్కింది.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. నోరు జారటం విన్నాను గానీ, నాలుగు పేజీలు రాసి, అంటించి, స్టాంపు వేసి జారిన మనిషిని నేనే అయ్యుంటాను. అది అలా ఉంచు. ఇప్పుడు కావేరికి తెలియకుండా నా ఉత్తరం ఫైల్లో దాచింది ఎవరు?

మన ఇంటా వంటా లేదన్నావు. ఉంది. 1984లో మనిద్దరం టీచరు ట్రైనింగుకి పరీక్ష రాశాం. సైకిలు మీద నువ్వే తీసుకెళ్లావు. నాకు సీటు రాలేదన్నావు. నీకూ రాలేదు. ఆ ఏడే నాకు పెళ్లయింది, మరుసటేడు నీకు సీటు వచ్చింది. పెళ్లిపందిట్లో పోస్టుమాన్ లక్ష్మీనారాయణ అక్షింతలు వేసి, "ట్రైనింగుకి వెళ్లకుండా ఇదేంటమ్మా? కవరు మీ అన్నయ్య చేతికే ఇచ్చానే" అన్నాడు. బాజాల మోతలో ఇంకెవరికీ వినపడలేదు. నీకు రానిది నాకు వచ్చింది. అంతే కదా?

ఆ వేళ నీ మీద అరుద్దామనే చూశాను. నువ్వు పందిట్లో విస్తళ్లు ఎత్తుతున్నావు. ఆ పనికి మనుషులున్నారు, అయినా నువ్వే ఎత్తుతున్నావు. అంతకుముందు నెలరోజులు నువ్వు నా ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు. కంచం పట్టుకుని దొడ్లోకి పోయేవాడివి. అమ్మ నీకు కడుపులో బాగాలేదేమోనని వాము నమిలించింది. ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక అరవబుద్ధి కాలేదు.

మాణిక్యాంబ మీద జాలి ఎందుకని అడిగావుగా. ఏడ్చేవాళ్లకి వెనకాల వీణ వాయిస్తారు. దాచినవాళ్లకి ఎవరూ ఏమీ వాయించరు. దాచినవాడు ఎలా ఉంటాడో నెలరోజులు ఒకే వంటింట్లో చూసినదాన్ని. నాకు అలవాటైపోయింది. నన్ను తయారుచేసింది ఆ సీరియల్ వాళ్లు కాదు, నువ్వు.

ఇంకోటి. జశ్వంత్ తిండి కోసం దాచానన్నది అబద్ధం. వాడి సందు చివర అచ్చమ్మ కర్రీ పాయింటు ఉంది. వాడికి అదే ఇష్టం. కవరు విప్పి "ఉపాధ్యాయిని" అన్న మాట చదవగానే ఒళ్లు మండింది. కావేరి మీద కాదని రాద్దామనుకున్నాను. కావేరి మీదే. నాకు లేనిది దానికెందుకు రావాలి అనిపించింది. మాణిక్యాంబకైనా ఇంత సిగ్గుమాలిన కారణం రాయరు.

చీరల కింది కవరు దీనితో పంపుతున్నాను. నా ఉత్తరాలూ, ఇదీ కావేరికి ఇచ్చెయ్యి. నువ్వు ఇవ్వకపోతే నేనే వచ్చి చెబుతాను.

ఝాన్సీ


తెనాలి,
3 ఆగస్టు 2025

ఝాన్సీ,

మీ అత్తగారి వైపు వాళ్లు ఉద్యోగం చేసే పిల్ల వద్దన్నారని, అందుకే ఆ కవరు నీకు ఇవ్వలేదని నలభై ఒక్క ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. నిన్న బావకి ఫోన్ చేసి అడిగాను. "మమ్మల్ని ఎవరడిగారు బావా? మా నాన్నయితే టీచరు పిల్ల అయితే ఇంకా మంచిదనేవాడు" అన్నారు. ఆయన మెలకువగా ఉన్నప్పుడు దొరకటం నా ఖర్మ.

నాకు రాలేదని. అంతే. ఇంతకన్నా రాయటం చేతకాదు.

ఉత్తరాలన్నీ కావేరికి ఇచ్చాను. నేను రాసినవాటికి నకళ్లు పెట్టుకోవటం సర్వీసులో అలవాటు, అవి కూడా ఇచ్చాను. వరండాలో కూర్చుని తారీఖుల వరసన పేర్చుకుని చదివింది. చదివినంతసేపూ నేను చెట్లకి నీళ్లు పెట్టాను. పొద్దున వాన పడింది, అయినా పెట్టాను.

"నలభై ఏళ్లలో మీ ఇద్దరికీ ఒక్కసారి నేరుగా మాట్లాడుకోవటం చేతకాలేదా నాన్నా? మధ్యలో సీరియల్ కావాల్సొచ్చిందా?" అంది.

అత్తయ్య తప్పు ఒప్పుకుందిగా అమ్మా అన్నాను.

"పొరపాటున ఒప్పుకుంది. నువ్వు అదీ చెయ్యలేదు."

మీ వదిన లోపల్నుంచి నవ్వింది. ఎవరి వైపో తెలియలేదు.

ఇప్పుడు అది పెట్టిన షరతు విను. ఆ స్కూల్లో చేరినావిడ నెల తిరక్కుండా మానేసిందట. మళ్లీ మనిషి కోసం చూస్తున్నారు. కానీ మొదటి పిలుపుకి రానివాళ్లని మళ్లీ పిలవటం ఆ ట్రస్టులో లేదట. హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ గారు ఒప్పుకుంటే తప్ప కుదరదు. "నాకు మీ క్షమాపణలు వద్దు. ఇద్దరూ నాతో వచ్చి, నేను ఎందుకు రాలేదో ఆవిడకి చెప్పండి. నేను నోరు విప్పను. ఆ తర్వాత బాపట్ల సంగతి ఆలోచిస్తాను" అంది.

"నేను దాచింది నీ కవరు కాదు కదా, నేనెందుకు?" అని దాన్ని అడిగాను. చూసింది. వస్తానన్నాను.

పదకొండు సోమవారం. పొద్దున బండికి వచ్చెయ్యి.

అన్నయ్య


రేపల్లె,
13 ఆగస్టు 2025

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. గిరీష్ బాక్సు బిగించి వెళ్లాడు. ఇంకా పెట్టలేదు.

స్కూలు గేటు దగ్గర చెప్పు తెగిందని నువ్వు ఆగిపోయావు. చెప్పు బాగానే ఉందని కావేరికీ తెలుసు, నాకూ తెలుసు. గంట తర్వాత నువ్వు లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. లోపల ఏం జరిగిందో బస్సులో నువ్వు అడగలేదు, మేం చెప్పలేదు. అందుకని రాస్తున్నాను.

ఫ్లోరెన్స్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, "పిలుపు మీకు అందింది కదండి. మా దగ్గర సంతకం ఉంది" అన్నారు.

"ఆ సంతకం నాదండి. కవరు నేనే దాచాను" అన్నాను.

"ఎందుకమ్మా?"

జశ్వంత్ తిండి సాకు నోటిదాకా వచ్చింది. కావేరి కిటికీలోంచి బయటికి చూస్తోంది. "కుళ్లుతోనండి" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "కోడలి మీదా?"

"కోడలే కాదండి, మేనకోడలు కూడా."

"ఇరవై ఆరేళ్లలో ఇక్కడ చాలా కారణాలు విన్నానండి. జ్వరాలు, తద్దినాలు, రైళ్లు. పాములు కూడా వచ్చాయి. ఇది మాత్రం కొత్త" అన్నారు. గంట కొట్టి, "పెద్దావిడ ఎండనపడి వచ్చారు, టీ తీసుకురా" అని ఆయమ్మకి చెప్పారు. కావేరి వైపు తిరిగి, "తొమ్మిదో తరగతిలో ఇప్పుడు లెక్కల పీరియడ్ ఖాళీ. వెళ్లి చెప్పండి, నేను వెనక కూర్చుంటాను" అన్నారు. చూశావా? దాచినదానికి టీ. నష్టపోయినదానికి సుద్దముక్క. అది పోతూ పోతూ నా గ్లాసు వైపు ఒక్క చూపు చూసింది.

టీ తాగి, వరండాలోకి వెళ్లి తరగతి గుమ్మం పక్కన నిలబడ్డాను. నువ్వు ఎప్పుడైనా కావేరి పాఠం చెబుతుంటే విన్నావా? ఇంట్లో తల ఊపే పిల్ల కాదది. వెనక బెంచీ వాణ్ణి పేరు అడిగి లేపి, బోర్డు దగ్గరికి పిలిచి, వాడి చేతే తప్పు చేయించి, వాడి చేతే దిద్దించింది. నాకు లెక్క అర్థం కాలేదు. నా వయసులో ఒళ్లు మండటానికి కూడా ఓపిక ఉండాలి, అనుకున్నంత మండలేదు. కొంచెం మండింది. అబద్ధం ఎందుకు?

సోమవారం నుంచి రమ్మన్నారు. అది నీకు తెలిసిందే.

జశ్వంత్ నిన్న ఫోన్ చేశాడు. "అమ్మా, నువ్వెందుకు చెప్పావే?" అన్నాడు. ఎందుకు దాచావని కాదు, ఎందుకు చెప్పావని. మంచి పిల్లాడని ఊరంతా పేరు. శనివారం తెనాలి వెళ్లి దాన్ని అడిగి, అది రమ్మంటే వెంట తీసుకెళ్లు, రానంటే ఆదివారం దాకా అక్కడే ఉండి గిన్నెలు కడుగు అని చెప్పాను.

బస్సులో మూడు టిక్కెట్లూ అదే తీసింది. మనిద్దరినీ ఒక సీట్లో కూర్చోబెట్టి తను వెనక్కి వెళ్లి కూర్చుంది. తెనాలి స్టేషన్‌లో నేను రైలెక్కాక నువ్వు మంచినీళ్ల సీసా కోసం వెళ్లినప్పుడు కిటికీ దగ్గరికి వచ్చింది. పొద్దున్నుంచి నాతో అదే మొదటి మాట.

"నాకు ఇంకా కోపం పోలేదత్తయ్యా."

"పోకపోతే మానె. తొందరేం లేదు, ఉంచుకో" అన్నాను.

"ఉంచుకుంటాను" అని, బండి కదిలేదాకా అక్కడే నిలబడింది.

ఝాన్సీ